క్రిస్మస్‌కి స్టేజీ మీద చీరలు పంచితే అది దైవిక ప్రేమ అవుతుందా?

వందనాలండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ సంఘంలో ఏటా క్రిస్మస్ ముందు ఆదివారం విధవరాండ్రను పేరుపేరునా స్టేజీ మీదికి పిలిచి చీర, బియ్యం సంచి ఇస్తారు, ఫోటోలు తీస్తారు. ఈసారి మీ పెద్దమ్మగారు నేను రానన్నారు. "ఇది దేవుని ప్రేమ, కాదనకూడదమ్మా" అని మీ సంఘ కాపరి అయ్యగారు నచ్చజెప్పబోయినా వినలేదు. మీరు కొత్తగా యూత్ కమిటీలోకి వచ్చారు. నిస్వార్థమైన దైవిక ప్రేమ సంఘంలో ఎలా కనపడాలి, అందులో మీలాంటి కుర్రాళ్ళు ఏం మార్చగలరు అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మీ పెద్దమ్మగారు చేసినదాంట్లో తప్పేమీ లేదు. చీర ఇవ్వడం మంచి పనే, కానీ ఇచ్చినంతమాత్రాన అది ప్రేమ అయిపోదు. ఈ మాట నేను సొంతంగా అనడం లేదు, పౌలుగారే అన్నారు. "బీదల పోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను... ప్రేమ లేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు" అని, కొరింథు సంఘానికి ఆయన రాసిన మొదటి ఉత్తరంలో, అంటే బైబిల్లో 1 కొరింథీ 13వ అధ్యాయం 3వ వచనంలో ఉంది. పెళ్ళిళ్ళలో మనం ఎక్కువగా 4వ వచనం నుంచి మొదలుపెట్టి "ప్రేమ దీర్ఘకాలము సహించును" అని చదువుతాం. దానికి పైనున్న వచనం మీద ఆగేవాళ్ళు తక్కువ. ఆస్తంతా పంచిపెట్టినా అందులో ప్రేమ లేకుండా పోవచ్చని ఆ వచనం ఒప్పుకుంటోంది కదా. అలాంటప్పుడు ఒక చీర సంగతి చెప్పాలా!

నేను మా సంఘంలో స్త్రీల సమాజం కార్యదర్శిగా చేశాను. ఆ తర్వాత బీదల నిధి లెక్కలు చాలా ఏళ్ళు చూశాను. బియ్యం తూచి సంచుల్లో పోయడం దగ్గర్నుంచి రిజిస్టరు రాయడం దాకా అన్నీ చేతిమీదుగా జరిగినవే కాబట్టి, ప్రసంగంలాగా కాకుండా ఆ పని చేసిన మనిషిలాగా చెప్తాను.

నేను చూసుకునే గుర్తు ఒకటుంది. అదే అధ్యాయంలో ప్రేమ "స్వప్రయోజనమును విచారించుకొనదు" అని ఉంది. ఇస్తున్న పనిలోంచి స్టేజీ తీసెయ్యండి, ఫోటో తీసెయ్యండి, మైకులో దాత పేరు చదవడం తీసెయ్యండి. అప్పుడూ ఆ సాయం ఆగకుండా జరిగితే అందులో ప్రేమ ఉన్నట్టు. ఫోటో లేదనగానే చందా తగ్గిపోతే మాత్రం ఆ చందా విధవరాలి కోసం వచ్చింది కాదు, పేరు కోసం వచ్చింది. మా దగ్గర ఒక దాత ఏటా బియ్యం సంచుల మీద తన పేరు పెద్ద ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించేవారు. ఆ సంచి తీసుకున్న ఒకావిడ దాన్ని తిరగేసి, పేరు లోపలికి వచ్చేలా కుట్టుకుని, అందులో మినుములు పోసుకుని పిండిమరకి వెళ్ళేది. ఆవిడ ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ సంచి చూసినవాళ్ళకి వేరే చెప్పాల్సిన పని లేదు.

కొరింథు సంఘం సంగతి కొంచెం చెప్పాలి, మీ అయ్యగారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఈ ప్రేమ అధ్యాయం ఏ పెళ్ళి కోసమో రాసింది కాదు. తిండి దగ్గర, ప్రభు బల్ల దగ్గర, ఆత్మ వరాల దగ్గర కొట్టుకుంటున్న సంఘానికి రాసిన ఉత్తరంలో భాగం. 11వ అధ్యాయం తీసి చూడండి. ప్రభు రాత్రి భోజనానికి కూడినప్పుడు కలిగినవాళ్ళు ఎవరి భోజనం వాళ్ళు ముందే తినేస్తున్నారు, "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును". పౌలుకి కోపం వచ్చింది. వాళ్ళని ఆయన అడిగిన ప్రశ్న ఏంటంటే, "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" పేదవాడికి తిండి పెట్టలేదన్న సంగతితో పాటు, సంఘంలో కూర్చోబెట్టి సిగ్గుపరిచారన్న సంగతినీ ఆయన పట్టుకున్నాడు. మీ పెద్దమ్మగారి ఇబ్బంది కూడా సరిగ్గా అదే. చీర వద్దని ఆవిడ అనలేదు. అందరి ముందూ పేదరాలిగా నిలబడడం వద్దంది.

పేదవాడిని సిగ్గుపరచకుండా ఇవ్వడం ఎలాగో పాత నిబంధనలోనే ఉంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో, అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్ళకూడదు, బయటే నిలబడాలి, ఇంటాయనే దాన్ని బయటికి తెచ్చివ్వాలి అని ఉంటుంది. ఎందుకంటారు? అప్పులో ఉన్నా ఆ ఇంటికి అతనే యజమాని. అతని గడప దాటి లోపల ఏముందో ఏం లేదో చూసే హక్కు అప్పిచ్చినవాడికి లేదు. రూతు అనే బీద విధవరాలి కథలో పొలం ఆసామి బోయజు చేసింది ఇంకా అందంగా ఉంటుంది. పొలంలో పరిగె, అంటే కోతలో రాలిపోయిన కంకులు, ఏరుకోవడం బీదల హక్కని ధర్మశాస్త్రమే చెప్పింది. బోయజు దానికి మించి, కట్టల్లోంచి కొన్ని పిడికెళ్ళు కావాలనే లాగి వదిలెయ్యండి, ఆమెని గద్దించకండి అని పనివాళ్ళతో చెప్పాడు. రూతు సాయంత్రందాకా వంగి ఏరుకుంది, తన కష్టమే అనుకుని ఇంటికి తీసుకెళ్ళింది. మాది డెల్టా ప్రాంతం. చిన్నప్పుడు వరి కోతలయ్యాక పరిగె ఏరుకున్నవాళ్ళు మా ఇళ్ళలోనే ఉన్నారు కాబట్టి ఈ భాగం మాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఎవరో పనిగట్టుకుని తమకోసం వదిలారని ఏరేవాళ్ళకి తెలియకుండా వదలడం, అదీ ఇవ్వడమంటే.

ఇప్పుడు మన నేలమీద జరిగినవి రెండు చెప్తాను.

మొదటిది ఒంగోలుది. 1876-78 నాటి ధాత కరువు సంగతి పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. అప్పుడు ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్ళకి ఉచితంగా గంజి పోసి ఊరుకోకుండా పని ఇచ్చి కూలి ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇంకొకరైతే ఏం చేసేవారో మీరే ఊహించుకోండి. ఆయన కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం చేరారన్న మాట పడకూడదు, నిజంగానే కూటి కోసం ఎవరూ చేరకూడదు అన్నది ఆయన పట్టుదల. సాయం నిలిచిపోయిన తర్వాత కూడా జనం అదే మాట మీద నిలబడి వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం దానికి ముందు ఆయన ఆగిన నెలలే ఎక్కువ విలువైనవి అనిపిస్తాయి. చేతిలో తిండి ఉంది, ఎదురుగా ఆకలితో ఉన్న మనిషి ఉన్నాడు. ఆ తిండిని ఎర చెయ్యకుండా ఉండడానికి చాలా నిగ్రహం కావాలి. "స్వప్రయోజనమును విచారించుకొనదు" అన్న మాటకి మన దగ్గర ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు కనపడలేదు.

రెండోది దోర్నకల్‌ది. వి.ఎస్. అజరయ్యగారు తిరునల్వేలి వైపు తమిళులు. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. బిషప్ కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. తెల్ల మిషనరీలకీ భారతీయ సేవకులకీ మధ్య ఉన్న దూరం గురించి ఆ సభలోనే, వాళ్ళ ముఖం మీదే చెప్పారు. కలిసి పనిచేసినా భారతీయ సేవకులతో స్నేహంగా మెలగని మిషనరీలున్నారని అన్నారు. చివరికి ఇదే 13వ అధ్యాయం ఎత్తుకున్నారు. మీరు బీదలను పోషించడానికి మీ ఆస్తులిచ్చారు, కాల్చబడడానికి శరీరాలు అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆయన మాటల భావం. సభలో కొందరికి మింగుడు పడలేదట.

నిజానికి మీ ప్రశ్నకి జవాబు ఆయన అప్పుడే చెప్పేశారు. డబ్బు, ఆసుపత్రి, బడి, ఆఖరికి ప్రాణం కూడా ఇచ్చినవాళ్ళని పట్టుకుని, ఇంకా ఒకటి ఇవ్వలేదు మీరు అన్నారు. పక్కన కూర్చోవడం ఇవ్వలేదు. పైనుంచి కిందికి ఇచ్చేది ఎంత పెద్దదైనా సరే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే అది ధర్మం మాత్రమే. దానివల్ల కడుపు నిండుతుంది, కాదనను. క్రీస్తు చేసింది మాత్రం అది కాదు. ఆయన పైనుంచి పంపించలేదు, దిగివచ్చి మనమధ్య కూర్చున్నాడు. శిష్యుల కాళ్ళు కడిగాడు.

ఇది చదివి తెల్లవాళ్ళ తప్పని మనం పక్కకి జరగడానికి లేదు. మన సంఘాల్లో క్రిస్మస్ తర్వాత ప్రేమ విందు పెట్టుకుంటాం. ఈసారి కొంచెం దూరంగా నిలబడి చూడండి. పెద్దలకి, అతిథులకి ఒక పక్క గుడ్డ పరిచిన టేబుల్, కుర్చీలు, వాటర్ బాటిళ్ళు. మిగిలినవాళ్ళకి కింద పట్టాల మీద బంతి, స్టీలు జగ్గు. మాంసం ముక్కలు ముందు టేబుల్‌కి వెళ్తాయి, చివరి బంతికి పులుసు మిగుల్తుంది. వంటశాల దగ్గర రాత్రంతా కూర్చున్న ఆడవాళ్ళు ఆఖరున గిన్నెలు గీకి తింటారు. పేరు ప్రేమ విందు, జరిగేది కొరింథు విందు. ఇక ఒకే ఊళ్ళో మాల సంఘానికి ఒక గుడి, మాదిగ సంఘానికి ఒక గుడి ఉండడం, సంబంధాలు కలుపుకునేటప్పుడు కులం చూసుకోవడం గురించి మీకు నేను చెప్పాలా? ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగుతాం, ఒకరింటికి ఒకరం పిల్లనివ్వం. దైవిక ప్రేమ గురించి ఎన్ని పాటలు పాడినా, ఈ సంగతి ముట్టుకోనంతవరకు ఆ మాట సగమే చెప్పినట్టు.

జాగ్రత్తలు కొన్ని చెప్పాలి, లేకపోతే నా మాటల్ని అటూ ఇటూ లాగుతారు.

"అన్నిటిని ఓర్చును" అన్నది దెబ్బలు తినమని కాదు. తాగొచ్చి కొట్టే భర్తతో ఉన్న ఆడపిల్లకి ఈ వచనం చూపించి "ఓర్చుకో అమ్మా, ప్రేమ అన్నిటినీ తాళుకుంటుంది" అని చెప్పి పంపించడం నేను కళ్ళారా చూశాను. అదే అధ్యాయంలో ప్రేమ "దుర్నీతివిషయమై సంతోషపడక సత్యమునందు సంతోషించును" అని కూడా ఉంది. నిస్వార్థ ప్రేమ ఎవరైనా తనంతట తాను ఇచ్చేది. బలంలేనివాళ్ళ దగ్గర్నుంచి బలమున్నవాళ్ళు గుంజుకునేది కాదు. అలాంటి పిల్లకి సంఘం చూపించాల్సిన ప్రేమ ఏమిటంటే, ముందు ఆ రాత్రికి తలదాచుకునే చోటు, తర్వాత పోలీస్ స్టేషనుకి తోడు వెళ్ళే ఇద్దరు మనుషులు.

అడిగినవాళ్ళందరికీ అడిగినంతా ఇవ్వడం కూడా ప్రేమ కాదు. థెస్సలొనీకయులకు రాసిన రెండో ఉత్తరంలో పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని రాసింది కూడా పౌలే. తిమోతికి రాస్తూ, సంఘం పోషించే విధవరాండ్ర లెక్కలో అరవై ఏళ్ళు నిండినవాళ్ళనే చేర్చమన్నాడు, ఇంట్లో పిల్లలూ మనుమలూ ఉంటే ముందు వాళ్ళు చూసుకోవాలన్నాడు. మొదటి సంఘం ప్రేమతోపాటు పట్టిక కూడా రాసుకుంది. అపొస్తలుల కార్యాలు 6లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని గొడవ వస్తే, ప్రార్థన చేసుకోండి సర్దుకుంటుంది అని అపొస్తలులు అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికి చెప్పి, వాళ్ళకి ఆ పని అప్పజెప్పారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ పక్షంవాళ్ళ చేతికే పంపకం వెళ్ళినట్టుంది చూడండి. మన కమిటీల్లో బీదల నిధి చూసేవాళ్ళలో బీదలు ఎంతమంది?

దాతలకి లెక్క చూపించాలి, అది నిజమే. ఫోటోలు తీసేవాళ్ళందరూ పేరాశతో తీస్తున్నారని నేననను. బయటినుంచి డబ్బు పంపేవాళ్ళు ఫోటో అడుగుతారు, అయ్యగారికి వేరే దారి ఉండదు. మేము చేసింది ఏంటంటే, తీసుకున్నవాళ్ళ సంతకమో వేలిముద్రో రిజిస్టరులో, కింద ఇద్దరు పెద్దల సంతకాలు, దుకాణం బిల్లు జతచేసి పంపించడం. ఫోటో తప్పదంటే సరుకు ఫోటో తీశాం, మనుషులది కాదు. ఒకరిద్దరు దాతలు నొచ్చుకున్నారు. మిగిలినవాళ్ళకి బిల్లే సరిపోయింది.

ఇక మీరేం చెయ్యొచ్చు అంటే, చీరల కార్యక్రమం ఆపెయ్యమని మొదలుపెట్టకండి. గొడవవుతుంది, చీర మీద ఆశపెట్టుకున్న ఆవిడ నష్టపోతుంది. స్టేజీ నుంచి ఇంటికి మార్చమని అడగండి. వారం ముందు ఇద్దరిద్దరు వెళ్ళి, చీకటిపడ్డాక ఇచ్చి, టీ ఇస్తే తాగి, ప్రార్థన చేసుకుని రావడం. టీ తాగడం మర్చిపోవద్దు, నవ్వకండి. వాళ్ళింట్లో మనం పుచ్చుకున్నాకే మనం ఇచ్చింది వాళ్ళకి బరువనిపించదు.

ఇంకొకటి, చీరకన్నా మనిషి అవసరం ఎక్కువ. మా దగ్గర భర్త పోయిన ఒకావిడకి చాలాకాలం పింఛను రాలేదు. కారణం మరణ ధృవీకరణ పత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఆవిడకి చదువు రాదు, సచివాలయంలో ఏం అడగాలో తెలీదు. డిగ్రీ చదువుతున్న కుర్రాడొకడు ఆవిడతో తిరిగి పేరు సరిచేయించాడు. ఆంధ్రలో వితంతు పింఛను ఇప్పుడు నెలకి 4,000 రూపాయలు. ఎన్ని చీరలు ఇస్తే ఆ డబ్బుకి సమానం? మీ యూత్‌లో ఫోనులో ఫారాలు నింపడం వచ్చినవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకి అదే సేవ. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ కోసం వరసలో నిలబడడం కూడా అలాంటిదే.

అలాగే పుచ్చుకునేవాళ్ళని ఎప్పుడూ పుచ్చుకునే పక్షానే కూర్చోబెట్టకండి. మా స్త్రీల సమాజంలో వారంవారం పిడికెడు బియ్యం తెచ్చే అలవాటుంది. బీదల నిధి నుంచి బియ్యం తీసుకునే ఆవిడ కూడా పిడికెడు తెచ్చి అదే డబ్బాలో పోస్తుంది. "మా బియ్యం మాకే తెస్తున్నావా" అని మొదట్లో ఒకరు నవ్వారు. ప్రభువు కానుకపెట్టె ఎదురుగా కూర్చుని రెండు కాసులు వేసిన విధవరాలిని చూసి నవ్వలేదు, ఆమెది చిన్న కానుక కాబట్టి వెనక్కిచ్చెయ్యండి అని కూడా అనలేదు. జబ్బుగా ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళ్ళే జట్టులో ఇవాళ మాకు నమ్మకమైన మనిషి ఆవిడే. ఏ ఇంట్లో ఎవరు తినకుండా ఉన్నారో మాకన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

అయ్యగారితో మాట్లాడేటప్పుడు ఆయన్ని అందరిముందూ పట్టుకోకండి. మత్తయి 18లో చెప్పినట్టు ఒంటరిగా వెళ్ళండి. ఆయన మంచిమనసుతోనే ఆ మాట అని ఉంటారు. పేదలను సిగ్గుపరచుదురా అని 1 కొరింథీ 11వ అధ్యాయంలో ఉన్న ఆ ప్రశ్న మీరు ఆయనకి చదివి వినిపించడం కన్నా, ఆ భాగం మీద ఒక ఆదివారం వాక్యం చెప్పమని ఆయన్నే అడగండి. మీ పెద్దమ్మగారి పేరు మాత్రం ఆ మాటల్లో తేవద్దు. ఆవిడ తనకోసం పోట్లాడమని మిమ్మల్ని అడగలేదు కదా. ఇప్పుడు స్టేజీ ఎక్కుతున్న మిగిలిన ఆడవాళ్ళనీ ఒకసారి విడిగా కదిపి చూడండి, అందరికీ ఒకే మనసు ఉండాలని లేదు. కొందరికి ఆ పిలుపే గౌరవంగా అనిపిస్తుంది, ఏడాదికొకసారి మైకులో తన పేరు వినపడే చోటు అదొక్కటే అయ్యుంటుంది. అలాంటివాళ్ళని ఆ ఆదివారం పాఠం చదవడానికో ప్రార్థన చెయ్యడానికో పిలిపించండి.

ఇవన్నీ డిసెంబరులో అడిగితే పని జరగదు, అప్పటికి టెంటుకీ చీరలకీ అడ్వాన్సులు ఇచ్చేసి ఉంటారు. సెప్టెంబరు కమిటీ మీటింగులో, బడ్జెట్ రాసేటప్పుడే లేవనెత్తండి. స్టేజీ అలంకరణ ఖర్చు ఎంతో, బీదల నిధి ఎంతో పక్కపక్కన రాయించండి చాలు, మిగతా చర్చ దానంతటదే మొదలవుతుంది.